డ్యూటీకి పోయే దారి కూడా డ్యూటీయే!



“ద్విచక్ర వాహనదారులకు క్రమశిక్షణ లేదు, అందుకే మరణిస్తున్నారు” అన్న మాట రోడ్డు భద్రత పేరిట ఏటా జరిగే సభలలో వినిపిస్తూనే ఉన్నది. ఇందులో సగం సత్యం ఉన్నది. మిగిలిన సగాన్ని కప్పిపుచ్చడానికే దీనిని వాడుకుంటున్నారని చెప్పక తప్పదు.

కేంద్ర రోడ్డు రవాణా శాఖ నివేదిక ప్రకారం 2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల వలన 1,68,491 మంది మరణించారు. వారిలో 74,897 మంది ద్విచక్ర వాహనాలపై ప్రయాణించినవారు. అనగా రోజుకు 205 మంది! హెల్మెట్ ధరించక మరణించినవారు 50,029 మంది అని కూడా ఆ నివేదికే చెబుతున్నది. ఈ అంకెను మనం దాచవలసిన పని లేదు. అయితే మొత్తం మరణాలలో 71 శాతానికి అతివేగమే కారణమనీ, ఢీకొట్టి పారిపోయిన ఘటనలలో 30,486 మంది ప్రాణాలు కోల్పోయారనీ అదే నివేదిక పేర్కొన్నది. ఈ అంకెలు ఆ సభావేదికల మీద ఎందుకు వినిపించవు?

చట్టం లేక కాదు. 2019 సవరణ అనంతరం మోటారు వాహనాల చట్టం 184వ సెక్షన్ ప్రకారం ప్రమాదకరంగా వాహనం నడిపినవానికి మొదటి నేరానికే ఆరు నెలల నుండి ఏడాది వరకు జైలు, లేదా 1,000 నుండి 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ విధించవచ్చు. ఆచరణలో జరుగుతున్నదేమిటి? హెల్మెట్ లేని తల కెమెరాకు సులభంగా చిక్కుతుంది. స్కూటరు వెనుక చక్రాన్ని ఆనుకొని హారన్ మోగించే కారు, సూచన ఇవ్వకుండా ఎడమకు కోసుకొచ్చే బస్సు చిక్కవు. సులభంగా దొరికినవానికి చలానా పంపి, ప్రాణం తీయగలవానిని వదలివేసి, దానినే రోడ్డు భద్రత అనడం ప్రజలను వంచించడమే.

ఈ విషయం మనకు పరాయిది కాదు. తెల్లవారుజామున రెండు గంటలకు లాబీలో హాజరు కావలసిన లోకో పైలట్‌కు ఆ వేళ బస్సు ఎక్కడిది? సెక్షన్‌కు చేరవలసిన ట్రాక్ సిబ్బందికి, రాత్రి షిఫ్టు ముగించుకొని నిద్రకళ్ళతో ఇల్లు చేరే ఆర్.ఎం.ఎస్. సార్టరుకు, ఊరూరా తిరిగే గ్రామీణ డాక్ సేవక్‌కు మోటారు సైకిలు విలాసం కాదు, పనిముట్టు. ఏడవ వేతన సంఘం రద్దు చేయమన్న సైకిల్ అలవెన్సును 2017లో ప్రభుత్వం పోస్ట్‌మన్‌లకు, రైల్వే ట్రాక్‌మన్‌లకు కొనసాగించి, నెలకు 90 రూపాయల నుండి 180కి పెంచింది. మనం రోడ్డున పడి పని చేస్తున్నామని ప్రభుత్వానికి తెలుసుననడానికి ఇంతకన్న నిదర్శనం అక్కరలేదు. మన ప్రయాణపు ప్రమాదానికి అది కట్టిన విలువ కూడా ఇంతే!

ఇక లారీ డ్రైవరు మన శత్రువా? కాదు. మోటారు రవాణా కార్మికుల పనిదినం సాధారణంగా 8 గంటలు, వారానికి 48 గంటలు మించరాదని 1961 చట్టం నిర్దేశించింది. ట్రిప్పుల లెక్కన కూలి ఇచ్చి, నిద్ర లేకుండా తోలించే యజమానుల దగ్గర ఆ పరిమితి కాగితానికే పరిమితమైంది. కన్ను మూతపడుతున్న డ్రైవరు వెనుక అతనిని తరుముతున్న యజమాని ఉన్నాడు. శిక్ష స్టీరింగు దగ్గరే ఆగిపోరాదు.

ఇవన్నీ సాధించే వరకు మన సభ్యులు ప్రాణాలతో ఉండాలి. కావున విజ్ఞప్తి చేస్తున్నాము. దౌర్జన్యంగా మీదికి వచ్చేవానితో పోటీ పడవద్దు, పక్కకు తప్పుకొని దారి ఇవ్వండి. ఇది పిరికితనం కాదు. రోషానికి పోయి ఓడితే నష్టపోయేది మన కుటుంబం. లారీకి, బస్సుకు ఎడమ పక్కన, డ్రైవరు కంటికి ఆనని చోట నడపవద్దు. ఐ.ఎస్.ఐ. గుర్తు గల హెల్మెట్ ధరించి పట్టీ బిగించండి. వెంటబడినవానితో రోడ్డు మీద తగవు పడక, వాహనం నెంబరు గుర్తుంచుకొని ఫిర్యాదు చేయండి. ఆ ఫిర్యాదు ప్రతిని శాఖా కార్యదర్శికి అందజేయండి. ఒక్కని ఫిర్యాదు ఫైలులో నిద్రపోవచ్చు, సంఘం వెంటబడితే పోలీసులు జవాబు చెప్పక తప్పదు.

మహారాష్ట్రలో ఒక చక్కెర కర్మాగారపు వాచ్‌మన్ 2003లో తెల్లవారుజామున మూడు గంటల డ్యూటీకి మోటారు సైకిలుపై వెళుతూ, పనిస్థలం ఇంకా ఐదు కిలోమీటర్లు ఉండగా మరణించాడు. ఉద్యోగ నిర్వహణతో సంబంధం రుజువైనప్పుడు ఇంటి నుండి పనికి వచ్చే దారిలోని ప్రమాదానికీ నష్టపరిహారం చెల్లుతుందని ఆ కుటుంబం విషయంలో సుప్రీంకోర్టు 2025 జూలైలో తీర్పు చెప్పింది. ఇరవై రెండేళ్ళు! కార్మిక సంఘాలు తీవ్రంగా వ్యతిరేకించిన సామాజిక భద్రతా స్మృతి సైతం ఈ సూత్రాన్ని అంగీకరించింది.

కావున రైల్వే, తపాలా యాజమాన్యాలను డిమాండ్ చేస్తున్నాము. డ్యూటీకి వచ్చిపోయే దారిలో జరిగే ప్రమాదాన్ని, ఉద్యోగి కుటుంబాన్ని కోర్టుల చుట్టూ తిప్పకుండా, డ్యూటీ ప్రమాదంగా గుర్తించాలి. అకాల వేళల సిబ్బందికి వాహన సౌకర్యం కల్పించాలి. రాత్రి డ్యూటీ దిగినవారికి విశ్రాంతి గది ఇవ్వాలి. ప్రతి శాఖ ఈ తీర్మానాన్ని రాబోయే సర్వసభ్య సమావేశంలో ఆమోదించి అధికారులకు పంపవలసిందిగా కోరుతున్నాము.

కార్మిక ఐక్యత వర్ధిల్లాలి!