బోర్డు తగిలిస్తే బాధ్యత తీరదు

ఏ పట్టణంలో ఏ కాలనీకి వెళ్లినా గేట్లకు ‘కుక్క ఉన్నది జాగ్రత్త’ అన్న రేకు బోర్డులు కనిపిస్తాయి. దారిన పోయేవారికి ఆ మాట చాలు, లోపలికి వెళ్లరు. వెళ్లక తప్పనివారి మాటేమిటి? బిల్లింగ్ మిషన్ పట్టుకుని నెలనెలా వచ్చే కరెంటు మీటర్ రీడర్, ఫ్యూజు పోయిందంటే వచ్చే లైన్‌మన్, నీటి మీటర్ చూసే మనిషి, భుజాన సిలిండర్ మోసుకొచ్చే డెలివరీ మనిషి గేటు దాటితేనే వారి పని అవుతుంది, మన పనీ అవుతుంది. అలాంటి వారికి ఆ బోర్డు చెబుతున్నది ఒక్కటే: లోపల ప్రమాదం ఉంది, నీ పాట్లు నువ్వు పడు అని. జాగ్రత్త పడాల్సింది కుక్కను పెంచుతున్నవారు. ఆ భారాన్ని వచ్చినవాడి నెత్తిన పెట్టడమే ఇందులోని తప్పు.

చట్టం కూడా ఇంటివారి వైపు లేదు. 2003 నాటి విద్యుత్ చట్టం 163వ సెక్షన్ ప్రకారం, సరఫరా సంస్థ పంపిన మనిషి ఇంట్లోవారికి చెప్పి, తగిన వేళలో ఆవరణలోకి రావచ్చు, మీటర్ చూడవచ్చు, మరమ్మతు చేయవచ్చు. రానివ్వకపోతే లిఖితపూర్వకంగా నోటీసు ఇచ్చి, 24 గంటలు గడిచాక సరఫరా ఆపేసే అధికారమూ సంస్థకు ఉంది. కాబట్టి మీటర్ రీడర్ పిలవని పేరంటానికి వచ్చినవాడు కాడు. ఆవరణలో కుక్కను విప్పి వదలడమంటే అతణ్ని రావద్దన్నట్టే. ఇక భారతీయ న్యాయ సంహిత 291వ సెక్షన్, తన దగ్గరున్న జంతువు వల్ల మనుషులకు ప్రాణాపాయం, తీవ్ర గాయం కలగకుండా తగిన జాగ్రత్త తీసుకోనివారికి ఆరు నెలల వరకు జైలు, 5,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ విధించవచ్చంటోంది. తెలిసి జాగ్రత్త పడకపోయినా, నిర్లక్ష్యం చేసినా నేరమే. ఆ లెక్కన గేటు మీది బోర్డు యజమానిని కాపాడకపోగా, ప్రమాదం సంగతి ఆయనకు ముందే తెలుసనడానికి సాక్ష్యంగా నిలవవచ్చు.

‘మా కుక్క కరవదండీ’ అనేది ఎక్కువగా వినిపించే జవాబు. ఇంట్లోవారిని కరవదన్నది నిజమే కావచ్చు. కానీ తన ఆవరణలోకి కొత్త మనిషి వచ్చినప్పుడు, అందులోనూ ఇంట్లోవారు పక్కన లేనప్పుడు, అదే కుక్క వేరుగా ప్రవర్తిస్తుంది. పైగా హాని జరగడానికి కాటే పడనక్కరలేదు. 2023 జనవరిలో హైదరాబాద్ బంజారాహిల్స్‌లోని ఓ అపార్ట్‌మెంట్‌కు భోజనం పార్శిల్ తెచ్చిన యువకుడు, పెంపుడు జర్మన్ షెపర్డ్ వెంటపడటంతో మూడో అంతస్తు నుంచి దూకి, తర్వాత ఆసుపత్రిలో కన్నుమూశాడు. అదే ఏడాది మేలో మణికొండలో మరో డెలివరీ ఉద్యోగి పెంపుడు కుక్కకు భయపడి మూడో అంతస్తు నుంచి దూకి గాయపడ్డాడు. ఇక కాటు పడిందా, పుండును సబ్బు నీళ్లతో పావుగంట కడగడంతో మొదలుపెట్టి, నెల రోజుల్లో నాలుగైదు సార్లు టీకా కోసం ఆసుపత్రికి తిరగాలి. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక బతికి బట్టకట్టడం దాదాపు అసాధ్యం గనుక, కుక్కకు టీకా వేయించామన్న యజమాని మాట ఒక్కటే నమ్మి ఊరుకోలేం. ఎన్ని మీటర్లు చూస్తే అన్ని డబ్బులన్న పీస్ రేటు మీద బతికే మనిషికి ఆ తిరుగుడంతా కూలి పోవడమే.

‘కాపలా కోసమే పెంచుకున్నాం, కట్టేస్తే ఇక ఎందుకు?’ అని అడిగేవారూ ఉన్నారు. మీటర్ చూసే పని పగటిపూట, నెలకు కొద్ది నిమిషాలు. ఆ కాసేపు కుక్కను గదిలో ఉంచితేనో, గొలుసు వేసి పట్టుకుంటేనో కాపలాకు లోటు రాదు. రోజంతా కట్టేయమని ఎవరూ అనడం లేదు. పొట్టి గొలుసుతో గంటల తరబడి కట్టిపడేయడం 1960 నాటి జంతు హింస నివారణ చట్టం కిందే తప్పు. యూనిఫాం వేసుకుని దొంగలు వస్తున్నారన్న భయానికీ విరుగుడు కుక్క కాదు. గుర్తింపు కార్డు చూపించమని అడగడం ఇంటివారి హక్కు. చెప్పకుండా తోసుకొచ్చేవారి మాటేమిటంటే, అది నిజంగా తప్పే. ఇంటివారికి చెప్పే రావాలని చట్టమే అంటోంది కాబట్టి బెల్ కొట్టి, పిలిచి, బదులు వచ్చేదాకా ఆగడం సిబ్బంది వంతు. స్మార్ట్ మీటర్లు వస్తే ఈ గొడవే ఉండదంటారు కొందరు. రీడింగ్ దూరం నుంచి తీసుకోవచ్చు గానీ, తెగిన తీగను దూరం నుంచి అతికించలేరు, సిలిండర్‌ను ఫోన్‌లో పంపలేరు.

సంస్థల బాధ్యత కూడా తక్కువేమీ కాదు. వినియోగదారుడి మీటర్‌ను ఆవరణ బయట పెట్టడానికి 2006 నాటి కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ నిబంధనలే అనుమతిస్తున్నాయి. కొత్త కనెక్షన్ ఇచ్చేటప్పుడే ప్రహరీకి వీధివైపు మీటర్ బిగిస్తే సగం సమస్య మొదట్లోనే తీరుతుంది. రీడింగ్‌కు వచ్చే తేదీని ముందురోజే ఫోన్‌కు సందేశంగా పంపడం, కుక్క ఉన్న ఇంటి సర్వీసు నంబరు పక్కన బిల్లింగ్ మిషన్‌లోనే ఆ మాట కనిపించేలా చేయడం పెద్ద ఖర్చుతో కూడినవి కావు. అన్నిటికన్నా ముఖ్యం, కుక్కను కట్టని ఇంట్లోకి వెళ్లనని చెప్పే హక్కు సిబ్బందికి ఉండాలి. అలా వెనుదిరిగినందుకు పీస్ రేటు కోయకూడదు. పనిలో గాయపడినవారికి యజమాని పరిహారం ఇవ్వాలన్న సూత్రం మన దేశంలో 1923 నుంచీ ఉంది. కుక్కకాటును అందులోంచి తీసేసి, కాంట్రాక్టు మనిషి ఖర్మకు వదిలేయడానికి న్యాయమైన కారణం లేదు.

ఈ ఏర్పాట్లన్నీ వచ్చేదాకా ఆగాల్సిన పని ఇంటివారికి లేదు. గేటుకు ఆ బోర్డు ఉండనివ్వండి, దాని పక్కన పనిచేసే కాలింగ్ బెల్ కూడా ఉండాలి. బెల్ మోగగానే ముందు కుక్కను పట్టుకోండి, ఆ తర్వాతే గేటు తీయండి.