వెతికితే అక్కడే కనబడాలి

మన డీబీఎంఎస్ మినీ ప్రాజెక్టులు దాదాపు అన్నీ ఒకేలా ఉంటాయి. హాస్పిటల్, లైబ్రరీ, హాస్టల్, పేరేదైనా సరే, మెనూలో యాడ్, ఎడిట్, డిలీట్, సెర్చ్ అని నాలుగు బటన్లు. సెర్చ్ నొక్కితే వేరే పేజీ. అక్కడ వెతికి, ఐడీ నంబరు గుర్తుపెట్టుకుని, వెనక్కొచ్చి ఫారంలో కొట్టాలి. వైవాలో నార్మలైజేషన్ గురించి గుచ్చి గుచ్చి అడుగుతారు గానీ దీని గురించి ఎవరూ అడగరు.

నా ఉద్దేశంలో ఆ వేరే పేజీయే డూప్లికేట్ రికార్డులకి పుట్టిల్లు. కౌంటర్ దగ్గర కూర్చున్న మనిషి ముందు పెద్ద క్యూ ఉంటుంది. ఇంకో పేజీకి వెళ్ళి వెతికే ఓపిక ఎక్కడిది? ‘న్యూ’ కొట్టేస్తారు. మా అమ్మమ్మకి ఒక క్లినిక్‌లో ఇలాగే రెండు నంబర్లు పుట్టాయి. ఒకదాని కింద షుగర్ రిపోర్టులు, ఇంకోదాని కింద ఆమెకి పడని మందు పేరు. డాక్టరు ముందు తెరుచుకున్నది మొదటిది. అమ్మ పక్కనే ఉండి చెప్పింది కాబట్టి సరిపోయింది. టేబుల్ మాత్రం పక్కాగా థర్డ్ నార్మల్ ఫారంలోనే ఉండి ఉంటుంది!

పేరు టైప్ చేసే పెట్టె కిందే, అదే ఫారంలో, రిజల్ట్స్ రావాలి. ఇదేం కష్టమైన పని కాదు. ఎంఎస్ యాక్సెస్‌లో అయితే ఒక టెక్స్ట్ బాక్స్, దాని కింద ఒక లిస్ట్ బాక్స్ చాలు. ఛేంజ్ ఈవెంట్‌లో లిస్ట్ క్వెరీని మార్చాలి. అక్కడ బాక్స్ ‘వాల్యూ’ కాదు, ‘టెక్స్ట్’ చదవాలి. టైప్ చేస్తున్నంతసేపూ వాల్యూలో పాతదే ఉంటుంది. లైన్ మీద డబుల్ క్లిక్ చేస్తే ఆ రికార్డు ఫారంలోకి రావాలి, అంతే. లైక్‌కి ముందువైపు కూడా వైల్డ్‌కార్డ్ పెడితే ఇండెక్స్ పనికిరాదు, నిజమే. కొన్ని వేల రికార్డులున్న క్లినిక్‌కి అది సమస్యే కాదు.

అసలు చిక్కు మన పేర్లతో. ఎల్లమ్మ అనే పేరుని ఇంగ్లీషులో ఒకరు ‘ఈ’తో మొదలుపెడతారు, ఇంకొకరు ‘వై’తో. లక్ష్మిలో కొందరికి ‘ఎక్స్’, కొందరికి ‘కె ఎస్ హెచ్’. మైఎస్‌క్యూఎల్‌లో సౌండెక్స్ ఫంక్షన్ ఉంది, లక్ష్మిలిద్దరినీ కలిపేస్తుంది. కానీ ఆ పద్ధతికి 1918లో అమెరికాలో పేటెంటు ఇచ్చారు, ఇంగ్లీషు పలుకుబడికి తగ్గట్టు చేసింది. మొదటి అక్షరాన్ని అలాగే ఉంచేస్తుంది కాబట్టి ఎల్లమ్మలిద్దరూ విడిగానే ఉండిపోతారు. అందుకే పేరుని తెలుగులో కూడా ఒక కాలమ్‌లో పెట్టి, రెండిట్లోనూ వెతకమంటాను. ఇంగ్లీషు మీడియంలో చదివిన నాకు తెలుగు టైపింగ్ నిదానమే, అయినా రెండు మూడు అక్షరాలు కొట్టడం ఎంతసేపు?

లిస్టులో పేరొక్కటే చూపిస్తే లాభం లేదు. ఆరుగురు లక్ష్ములు వస్తే ఎవర్ని నొక్కాలి? ఇంటిపేరు, తండ్రి లేదా భర్త పేరు, ఊరు, వయసు, చివరిసారి వచ్చిన తేదీ పక్కనే ఉండాలి. జబ్బు పేరు మాత్రం వద్దు, స్క్రీన్ క్యూలో ఉన్నవాళ్ళకీ కనబడుతుంది.

ఇక ‘న్యూ’ బటన్ సంగతి. ఒకసారైనా వెతికాకే అది పనిచెయ్యాలని నేనంటున్నాను. అర్జంటు కేసు వస్తే ఎలా అని మా టీమ్‌లో ఒకడు అడ్డం తిరిగాడు. పేరు కొట్టడమే వెతకడం అయినప్పుడు అదనంగా పట్టే టైమేముందిరా అన్నాను. ఇంకా తేలలేదు, వచ్చే వారం ల్యాబ్‌లో ఓటింగట.