సంకరం అన్నది తిట్టు కాదు

పోయిన నెల మా ఇంటికి ఒక పెద్దాయన వచ్చారు. ఇక్కడ ఇంగ్లండులో పాత మోటారుసైకిళ్ళు సేకరించే కొద్దిమంది తెలుగువాళ్ళలో ఒకరు. ఆ విద్యలో నాకు గురుతుల్యులు. గరాజులో నిలబెట్టిన నా బండిని చాలాసేపు మౌనంగా చూశారు. చట్రం బీఎస్‌ఏ గోల్డ్ స్టార్‌ది, మట్టి పందేలకు వాడినది. అందులో కూర్చున్న ఇంజను ట్రయంఫ్ 650, రెండు సిలిండర్లది. చివరికి "మంచి చట్రాన్ని సంకరం చేసి పెట్టావయ్యా" అని, టీ తాగి వెళ్ళిపోయారు. తర్వాత ఆ ఒక్క మాటనే మూడు పేజీల ఉత్తరంగా పెంచి పంపారు.

ఆ ఉత్తరానికి జవాబు ఈ టపా. ఇంజన్ల గొడవ మనకెందుకు అనుకునే మిత్రులు కాస్త ఓపిక పట్టాలి. "అచ్చమైనది" అన్న మాట వినగానే మన బ్లాగుల్లో ఎన్ని వ్యాఖ్యాయుద్ధాలు జరిగాయో మీకు తెలియనిది కాదు.

పాత బండి ఒక చారిత్రక పత్రమని, కర్మాగారం గడప దాటిననాటి రూపంలోనే దాన్ని కాపాడాలని, అందులో వేరే ఇంజను పెట్టడం తాళపత్రం మీద బాల్‌పెన్నుతో రాయడమేనని ఆయన వాదన. పోలిక బాగుంది, ఒప్పుకుంటాను. ఆదివారాలు చర్చికి వెళ్ళడానికి వాడిన బండికి అది సరిపోతుందేమో. మోటోక్రాస్ బండికి మాత్రం అతకదు. ఆ క్రీడ చరిత్రలో సగం ఇంజన్లు మార్చినవాళ్ళు రాసిందే.

1950లలో ఇంగ్లండు స్క్రాంబ్లింగు మైదానాల్లో గోల్డ్ స్టార్ చట్రం గట్టిదని పేరు. ట్రయంఫ్ జంట సిలిండర్ల ఇంజను తేలికైనదనీ చురుకైనదనీ పేరు. రెంటినీ కలిపి సొంత షెడ్డుల్లో బండ్లు కట్టుకున్నారు. ఆ కలయికకు 'ట్రైబ్సా' అని పేరు కూడా స్థిరపడింది. హాంప్‌షైర్‌లోని న్యూ మిల్టన్ ఊరి అన్నదమ్ములు డాన్ రిక్‌మన్, డెరెక్ రిక్‌మన్ అదే దారిలో బయలుదేరారు. ట్రయంఫ్, బీఎస్‌ఏ, నార్టన్ సామాను కలిపి కట్టిన తమ బండికి 'మెటీస్' అని పేరు పెట్టుకున్నారు. ఫ్రెంచిలో ఆ మాటకు సంకరజాతిది అని అర్థం. పెద్దాయన నాకు తిట్టుగా వాడిన మాటను వాళ్ళు ట్యాంకు మీద రాసుకుని పందేలు గెలిచారు!

తర్వాత వాళ్ళు రెనాల్డ్స్ 531 గొట్టాలతో సొంత చట్రమే తయారుచేశారు. నికెల్ పూత పూసిన ఆ చట్రాన్ని చూస్తే వెండి నగ గుర్తొస్తుంది. ఇంజను నూనె కూడా ఆ గొట్టాల్లోనే ప్రవహిస్తుంది. అయితే పెద్ద కంపెనీలు వాళ్ళకు ఇంజన్లు అమ్మడానికి ఇష్టపడలేదు. దాంతో వాళ్ళు ఇంజను లేని బండినే అమ్మారు. కొన్నవాడు ట్రయంఫ్‌ది తెచ్చుకుంటే ట్రయంఫ్ మెటీస్, మాచ్‌లెస్‌ది తెచ్చుకుంటే మాచ్‌లెస్ మెటీస్. ఇప్పుడు చెప్పండి, ఆ చట్రానికి 'అసలు' ఇంజను ఏది? ఈనాడు వేలంపాటల్లో అలాంటి బండి ముందు చేతులు కట్టుకుని నిలబడేవాళ్ళే నా గరాజులో ముక్కు మూసుకుంటే ఎలా?

ఇది ఇంగ్లీషువాళ్ళ షెడ్డులతో ఆగిపోయిన ముచ్చటా కాదు. 1966లో మొదటిసారి ఒక టూ-స్ట్రోక్ బండి 500 సీసీ ప్రపంచ విజేత అయింది. ఆ తర్వాత పదేళ్ళకు ఫోర్-స్ట్రోక్ ఇంజను ఆ స్థాయి పందేలకు పనికిరాదని అందరూ తీర్మానించేసుకున్నారు. అప్పుడు స్వీడన్‌లో ఇద్దరు మాజీ ప్రపంచ విజేతలు, టోర్‌స్టెన్ హాల్‌మన్, స్టెన్ లుండిన్, ఒక హస్క్‌వర్నా చట్రాన్ని సవరించి అందులో యమహా ఎక్స్‌టీ500 ఇంజను దించారు. రోడ్డు మీదా మట్టిలోనూ తిరగడానికి ఎవరైనా కొనుక్కునే బండి ఇంజను అది. దాని మీద బెంగ్ట్ ఆబెరి 1977లో లక్సెంబర్గ్ గ్రాండ్ ప్రీలో ఒక రేసు గెలిచాడు. తరువాత యమహా వాళ్ళే దాన్ని హెచ్‌ఎల్500 పేరుతో కొద్ది సంఖ్యలో తయారుచేయించి అమ్మారు. ఆ రెండక్షరాలూ ఆ ఇద్దరి ఇంటిపేర్ల మొదటి అక్షరాలే.

ఉత్తరంలో నన్ను నిజంగా ఆలోచనలో పడేసిన వాక్యం ఒకటుంది. గోల్డ్ స్టార్ చట్రంలో కుడివైపు కింది గొట్టానికి చిన్న వంపు ఉంటుంది. ఆ ఇంజను ఆయిల్ పంపుకు చోటివ్వడానికి పెట్టిన వంపు అది. "ఆ చట్రానికి తన ఇంజను ఇంకా గుర్తుంది, నీకే లేదు" అని రాశారు. చదివి ఆ రాత్రి గరాజులోకి వెళ్ళి ఆ వంపు మీద చెయ్యి వేసి చూశాను. నిజమే, గుర్తుంది. కానీ దాన్ని నేను చెరపలేదు కదా! తెలిసినవాడెవడైనా ఆ వంపు చూసి ఇది ఏ చట్రమో ఇట్టే చెబుతాడు.

చెరిపేవాళ్ళు వేరే ఉన్నారు. అసలు కోపం నాకు వాళ్ళ మీద. చట్రం నంబరు, ఇంజను నంబరు కర్మాగారపు దస్త్రాలతో సరిపోలితే బండి ధర ఎక్కడికో పోతుంది. అందుకని పాత అంకెలు అరగదీసి, కొత్త అంకెలు పోతపెట్టె మీద కొట్టించేవాళ్ళు తయారయ్యారు. నేను ఈ చట్రం కొనకముందు ఒకాయన నాకు 'అచ్చమైన' గోల్డ్ స్టార్ చూపించాడు. నంబరు కొట్టిన చోట లోహం మిగతా భాగం కంటే పల్చగా, కొత్తగా మెరుస్తోంది. అచ్చమైనదానికి తప్ప దేనికీ విలువ లేదనే పెద్దమనుషులు లేకపోతే ఆ దొంగ ముద్రకు గిరాకీ ఎక్కడిది? నా ట్రైబ్సా ఎవరినీ మోసం చెయ్యదు. ఇంజను మీద ట్రయంఫ్ అని పెద్దక్షరాలతో రాసి ఉంది.

ఒక్క విషయంలో పెద్దాయనతో ఏకీభవిస్తాను. అన్ని భాగాలతో బతికి ఉన్న బండిని విప్పి, చట్రం కోసి, వేరే ఇంజను ఇరికించడం పాపమే. నాకు దొరికింది ఇంజను పోయిన ఒట్టి చట్రం. దానికి గోల్డ్ స్టార్ ఇంజను కొనాలంటే నా స్తోమత చాలదు.

పైగా ఇది సోమరుల పని అనుకునేవాళ్ళకు ఒక మాట. గేరుబాక్సు బీఎస్‌ఏదే ఉంచాను కాబట్టి వెనక చక్రం గొలుసుతో పేచీ రాలేదు. ఇంజను నుంచి క్లచ్చికి వెళ్ళే గొలుసు దగ్గరే నా తల ప్రాణం తోకకొచ్చింది. ముందు అట్టముక్కలు కత్తిరించి కొలత చూసుకుని, తర్వాత అల్యూమినియం రేకుతో ఇంజను ప్లేట్లు చేశాను. బిగించాక చూస్తే రెండు పళ్ళచక్రాల మధ్య మూడు మిల్లీమీటర్ల వంకర. ఆ వంకరతో నడిపితే గొలుసు తనను తానే తినేస్తుంది. మళ్ళీ విప్పాను. ఇంజను కాస్త ఎత్తితే ట్యాంకు కింది గొట్టం అడ్డొచ్చి రాకర్ బాక్సులు ఊడిరావు, దించితే అడుగు రాళ్ళకు తగులుతుంది. రెండో జత ప్లేట్లూ చెత్తబుట్టలోకే. మూడో జత కుదిరింది.

ఈ మొత్తం పనిలో చట్రానికి ఒక్క కొత్త చిల్లు వెయ్యలేదు, ఒక్క చోట వెల్డింగు చెయ్యలేదు. అన్నీ పాత రంధ్రాల్లో బిగించిన బోల్టులే. ఏప్రిల్‌లో 1965కు ముందటి బండ్ల పందెం ఒకటుంది, పేరు ఇచ్చాను. గెలిచేదేమీ లేదు, చివరి వరుసలో రావడం ఖాయం. గురువుగారూ, ఆలోగా ఎక్కడైనా ఈ చట్రానికి తగిన గోల్డ్ స్టార్ ఇంజను మీ కంటపడితే, నేను కొనగలిగే ధరకు ఇప్పించండి. నాది విప్పడానికి ఒక పూట చాలు, స్పానర్లు నా దగ్గరే ఉన్నాయి.