పక్షుల గుంపులు - వాని పేర్లు

పోటీ పరీక్షలకు చదువు విద్యార్థుల సామాన్యజ్ఞాన గ్రంథములలో ఒక పట్టిక తరచుగా కనిపించును. నెమళ్ళ గుంపును ఆంగ్లమున 'మస్టర్' అనవలెననియు, ఫెజెంట్ పక్షుల గుంపును 'నై' అనవలెననియు అందుండును. దానిని మనము కంఠస్థము చేయుదుము. పెరటి కోడిపెట్ట తన పిల్లలతో తిరుగునప్పుడు దానినేమందురని అడిగిన తడబడుదుము. ఇది తగదని మా అభిప్రాయము.

ఆ పట్టికలోని మాటలు పెక్కు 1486లో ఇంగ్లండున అచ్చయిన 'సెయింట్ ఆల్బన్స్ పుస్తకము'లో కలవు. అది దొరలకు వేట మర్యాదలు నేర్పిన గ్రంథము. అంతమాత్రమున అందలి మాటలన్నియు వట్టి అలంకారములని త్రోసివేయరాదు. 'నై' అనునది గూడు అను అర్థముగల ఫ్రెంచి పదమునుండి పుట్టినది. తల్లియు, దాని పిల్లలును - అంతియే. ఇది పక్షిని చూచినవాడు పెట్టిన పేరు. ఫెజెంట్ పుంజు వసంతకాలమున కొంత చోటు తనదిగా చేసికొని, కూసి, రెక్కలు టపటప కొట్టి, కొన్ని పెట్టలను చేర్చుకొనును. పిదప 23 మొదలు 25 దినములవరకు నేలపై గ్రుడ్లు పొదుగునది పెట్ట యొక్కటే. పిల్లలను వెంట త్రిప్పునదియు అదియే. గూటి పేరిట గుంపును పిలుచుట న్యాయమే కదా!

'మస్టర్' మాత్రము మాకు రుచింపలేదు. సిపాయిలను హాజరు తీసికొనుటకు నిలుపుట మస్టరు. మగ నెమళ్ళు జతకట్టు కాలమున దగ్గర దగ్గరగా చేరునే గాని వరుస కట్టవు. దేని తావు దానిదే. పెట్టలు వచ్చి, చూచి, ఎన్నుకొని పోవును. ముషాయిరా యనిన కొంత నయము. కాని అచ్చట కవులు వంతులవారీగా చదువుదురు, ఇచ్చట అందరు నొక్కసారే!

మన కోడియు ఈ కుటుంబములోనిదే. ఎర్ర అడవికోడి దాని మూలము. ఆకాశమున గద్ద కనిపించిన ఒక కూత, నేలపై కుక్క వచ్చిన వేరొక కూత కూయును. పిల్లలతో తిరుగు ఆ పెట్టను తెలుగువారు 'పిల్లలకోడి' అనిరి. 'నై' అను మాటకు సాటియైన మాట ఇదియే. కృత్తికా నక్షత్రములకును మన పల్లెలలో అదే పేరు. ఉర్దూ కవుల 'సురయ్యా' ఆ నక్షత్రములే.

కొంగలకు బారు, మిడతలకు దండు, గొఱ్ఱెలకు మంద, తేనెటీగలకు తుట్టె. పట్టణమున చదివిన మనకు అన్నిటికిని 'గుంపు' ఒక్కటే చాలుచున్నది. బారు అనిన కొంగలు ఒకదాని వెనుక నొకటి పోవుట కన్నులకు కట్టును. గుంపు అనిన ఏమి కనబడును?

హైదరాబాదు రాజ్యపు పక్షులను 1931-32లో సలీం అలీగారు సర్వే చేసిరి. ఆ పక్షుల చుట్టునున్న మాటలను ప్రోగుచేయుటకు తుపాకియు అక్కరలేదు, దుర్భిణియు అక్కరలేదు. వేసవి సెలవులలో ఊరికి పోవు ప్రతి విద్యార్థియు నాయనమ్మనో, దాదీమానో అడిగి పది మాటలు, తెలుగైనను దక్కనీయైనను, వ్రాసికొని రావలెనని కోరుచున్నాము. వానిని వచ్చు సంచికలో రెండు లిపులలోను అచ్చువేయవచ్చును.