గోప్యతా? దాపరికమా?

అనుమానం పెనుభూతమన్నారు మనవారు. పూర్వం ఆ భూతం వీధి అరుగుల మీదను, నూతిగట్ల వద్దను తిరుగుతూ ఉండేది. ఇప్పుడది అరచేతిలో ఇమిడే ఫోనులో కాపురం పెట్టినది. భర్త స్నానానికి వెళ్ళగానే భార్య అతని ఫోను అందుకొంటున్నది. భార్య నిద్రపోగానే భర్త ఆమె వేలిని మెల్లగా ఎత్తి, ఆమె ఫోనుకు ఆనించి తెరుస్తున్నాడు. ఇద్దరూ దొంగలు కారు. కాని ఆ క్షణంలో ఇద్దరి గుండెలూ దొంగల గుండెలవలెనే కొట్టుకొంటాయి. చేస్తున్నది న్యాయమే అయితే ఈ భయమెందుకు? తాళి కట్టిన సంబంధంలో దాచవలసినది ఏమున్నదని అడిగేవారు, ముందుగా ఈ ప్రశ్నకు సమాధానం చెప్పుకోవాలి.

ఉత్తరాల కాలంలో మన ఇండ్లలో ఒక మర్యాద ఉండేది. కార్డుముక్కను ఇంటిల్లిపాదీ చదివేవారు. చదువురాని వారికి పోస్టుమానే చదివి వినిపించేవాడు. అతికించిన కవరు మాత్రం పేరుగలవారి చేతికే చేరాలి. ఈ మర్యాద అందరూ పాటించారని చెప్పను. కోడలికి పుట్టింటినుండి వచ్చిన కవరును అత్తగారు విప్పి చూసిన ఇండ్లు లేకపోలేదు. అటువంటి ఇండ్లలో కోడళ్ళు క్షేమమని తప్ప మరొక మాట వ్రాయలేకపోయారు. తలుపు చాటున నిలిచి వినేవారున్న చోట నిజం నోటివరకు వచ్చి ఆగిపోతుంది. ఇది కోడళ్ళకే కాదు, భర్తలకు, పిల్లలకు, అందరికీ వర్తించే సంగతి.

నేటి ఫోను ఒక కవరు కాదు. వేల కవర్లున్న తపాలా సంచి. పైగా ఆ కవర్లన్నీ ఫోనుగల మనిషివే కావు. స్నేహితురాలి కన్నీరు, తమ్ముని అప్పు, సహోద్యోగి జబ్బు, ఎవరెవరో నమ్మి అప్పగించిన మాటలు అందులో ఉంటాయి. "నా భర్త ఫోను నేను చూస్తే తప్పేమి?" అన్నప్పుడు మనం భర్తను గురించి మాత్రమే ఆలోచిస్తున్నాము. ఆ సంచిలోని తక్కినవారి అనుమతి ఎవరు తీసుకొన్నారు?

నాకు తెలిసిన ఒక ఉపాధ్యాయుని ఇంట జరిగిన సంగతి చెబుతాను. ఒకనాటి రాత్రి పది దాటిన తరువాత ఆయన ఫోను మ్రోగినది. ఆయన పెరట్లో ఉన్నాడు. భార్య తెర చూసినది. "సార్, ఈ మాట ఎవరికీ చెప్పకండి. మీరే నాకు దిక్కు" అని ఉన్నది. పంపినది ఒక ఆడపిల్ల. ఆయన వచ్చి, చదువుకొని, వెంటనే ఆ సందేశాన్ని తుడిచివేశాడు. ఆమె అదికూడా చూసినది.

తరువాత రెండు వారాలు ఆ ఇంట అన్నం వడ్డించిన చప్పుడే తప్ప మాట లేదు. ఒక మధ్యాహ్నం ఆమె ఆ పిల్ల నెంబరుకు ఫోను చేయబోయి, ఎందుకో ఆగిపోయినది. ఆ ఆగడమే ఒక ప్రాణాన్ని కాపాడినదంటే అతిశయోక్తి కాదు. పదవ తరగతి చదువుతున్న ఆ పిల్లకు ఇంటివారు రహస్యంగా పెండ్లి నిశ్చయించారు. ఆమె తల్లి ఫోను దొంగచాటుగా తీసి మాస్టారుకు మొర పెట్టుకొన్నది. ఆయన బాలల సహాయానికి ఏర్పడిన 1098 నెంబరుకు తెలియపరచి, అధికారుల ద్వారా ఆ పెండ్లి ఆపించాడు. తాను చెప్పినట్లు బయటపడితే ఇంట్లో బ్రతకనివ్వరని పిల్ల బ్రతిమాలినందున, పని పూర్తి అయ్యేదాకా ఆయన పెదవి విప్పలేదు.

నిజం తెలిసినప్పుడు భార్య కన్నీరు పెట్టుకొన్నది. కాని ఆమె అన్న మాట నాకిప్పటికీ జ్ఞాపకమున్నది: "ఒక పిల్ల కష్టంలో ఉన్నది, వివరాలు ఇప్పుడు చెప్పలేను అని ఒక్కమాట నాతో అని ఉంటే, నేను అన్ని రాత్రులు అట్లా కాలిపోయేదాన్ని కాదు గదా!"

ఈ ఒక్క మాటలోనే ధర్మసూక్ష్మమంతా ఇమిడియున్నది. చెప్పరాని దొకటి ఉన్నదని చెప్పగలగడం గోప్యత. అది ఉన్నదన్న సంగతినే కప్పిపుచ్చడం దాపరికం. మొదటిది ప్రతి మనిషికీ ఉండవలసిన హక్కు. రెండవది అనుమానానికి వేసిన ఎరువు. ఉపాధ్యాయుడు చేసినది సత్కార్యమే, ఐనా అది ఇంటివరకు దాపరికంగానే తోచినది.

ఉన్నత విద్యాలయాలలో షేక్స్పియరు ఒథెల్లో నాటకం చదివినవారికి రుమాలు సంగతి తెలుసును. అక్కడ రుమాలు నిజమైనదే; దానికి ఇయాగో కట్టిన అర్థమే అబద్ధం. అనుమానించే మనస్సుకు సాక్ష్యం దొరకకపోవడమంటూ ఉండదు. ఆ ఉపాధ్యాయుని ఫోనులోని రెండు వాక్యాలు అటువంటి రుమాలే. ఒథెల్లో ఎవరెవరినో అడిగాడు. అడగవలసిన డెస్డిమోనాను మాత్రం ఆలకించే మనస్సుతో అడుగలేదు.

న్యాయస్థానాలు కూడ ఈ చిక్కుముడిని విప్పలేక ఒకచోట ఒకవిధంగా, మరొకచోట మరొకవిధంగా తీర్పులు చెప్పాయి. భార్య ఫోను సంభాషణలను ఆమెకు తెలియకుండా రికార్డు చేసి, భర్త విడాకుల దావాలో దాఖలు చేసిన కేసులో నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ హైకోర్టు 2007లో ఆ సాక్ష్యాన్ని త్రోసిపుచ్చినది. భార్య తన తల్లిదండ్రులతో మాట్లాడే మాటలమీద కూడ నమ్మకం లేని భర్తకు వివాహమే అర్థరహితమన్న భావం ఆ తీర్పులో ఉన్నది. గోప్యత ప్రాథమిక హక్కు అని 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం ప్రకటించినది. కాగా 2025 జూలైలో అదే సుప్రీంకోర్టు, దాంపత్య వివాదాలలో రహస్యంగా చేసిన రికార్డింగులను సాక్ష్యంగా స్వీకరించవచ్చునన్నది. అట్లా అంటూనే, భార్యాభర్తలు ఒకరిపై ఒకరు నిఘా వేసే దశకు వచ్చారంటే వారి సంబంధం అప్పటికే చెడినదని అర్థమన్నది. కోర్టుకు సాక్ష్యం కావాలి గనుక సాక్ష్యం పుచ్చుకొంటుంది. సంసారానికి కావలసినది సాక్ష్యం కాదు.

అన్ని అనుమానాలూ నిరాధారమైనవేనా అంటే, కావు. మోసపోయినవారి బాధను "నమ్మకం ఉంచండి" అన్న హితబోధతో కొట్టివేయడం అన్యాయం. వ్యభిచారం శిక్షార్హమైన నేరం కాదని సుప్రీంకోర్టు 2018లో తీర్పు చెప్పినా, విడాకులు కోరడానికి అది కారణంగా నిలిచేయున్నది. నేనెరిగిన ఒక ఇల్లాలి అనుమానం నిజమే అయినది. ఆమె ఫోను వెదకిన మాటకూడ నిజమే. "ఫోను నాకు కొత్తగా చెప్పినదేమీ లేదు. అతని మొగమే చాలాకాలంగా చెబుతున్నది. అతని నోట వినాలని ఉండేది, అదొక్కటీ ఫోనులో దొరకలేదు" అన్నదామె. సూటిగా అడిగే హక్కు, సమాధానం నమ్మదగినదిగా లేకపోతే విడిపోయే హక్కు, ఈ రెండూ ఆమెకున్నాయి. వాటికి ముందు వెదికే హక్కు చాలా చిన్నది.

ఇంకొకటి. ప్రతి సాయంత్రం ఫోను చూపించవలెనని శాసించి, చూపకపోతే చేయి చేసుకొనే పురుషులున్నారు. దానికి అనుమానమన్న పేరు తగదు, అది పెత్తనం. అట్టివారికి ఫోను చూపించినంత మాత్రాన శాంతి కలుగదు, రేపు మరొకటి అడుగుతారు. అక్కడ భార్యకు కావలసినది నిరూపణ కాదు, రక్షణ.

విద్యార్థులకు ఒక మాట. "నన్ను ప్రేమిస్తే నీ పాస్‌వర్డు చెప్పు" అన్న షరతు కళాశాలలలో నేడు ప్రేమకు గీటురాయిగా చెల్లుతున్నది. ఆ గీటురాయిమీద తేలేది బంగారం కాదు. పాస్‌వర్డు ఇచ్చినవాడు రెండవ ఫోను కొనగలడు. ఇవ్వనిది నూటికి నూరుపాళ్ళు నిజాయితీపరురాలు కావచ్చును. అడిగితే నిజం చెప్పగల ధైర్యం, చెప్పినదాన్ని కోపం తెచ్చుకోకుండా వినగల ఓర్పు, ఈ రెండూ అలవరచుకొన్నవారికి తాళపుచెవుల పంపకం అక్కరలేదు.

ఆ ఉపాధ్యాయుని ఇంట ఇప్పుడు ఫోను హాలులోని బల్లమీదనే పడి ఉంటుంది. ఎవరూ దానిని తెరవరు. రాత్రివేళ అది మ్రోగితే ఆయన చదువుకొని, "ఎవరో పిల్లవాడు, తరువాత చెబుతాను" అంటాడు. "సరే" నంటుంది ఆమె. తరువాత కొన్ని చెబుతాడు, కొన్ని చెప్పడు.