ఇసుక కమ్ముతున్న ఊళ్లు

పిల్లల్ని ఎక్కువమందిని కనమని 2024 అక్టోబరులో ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు పిలుపునిచ్చారు. ఇద్దరికి మించి పిల్లలున్నవారు స్థానిక ఎన్నికల్లో నిలబడరాదన్న నిబంధనను మరుసటి నెలలోనే శాసనసభ ఎత్తేసింది. రాష్ట్రంలో సంతాన సాఫల్య రేటు 1.7కు పడిపోయిన మాట నిజమే. కానీ కణేకల్ పల్లెలు ఖాళీ అవుతున్నది పిల్లలు పుట్టక కాదు. పుట్టినవాళ్లకు ఊళ్లో పని లేక. బళ్లారి, బెంగళూరు బస్సులెక్కేవాళ్లను ఏ సర్కారూ లెక్కించదు.

కణేకల్, బొమ్మనహాళ్ మండలాల్లో హగరి ఒడ్డుకు పోయి చూడండి. ఎగువన కర్ణాటకలో వాణీ విలాస సాగరం, ఇవతల భైరవానితిప్ప. వాటిని దాటి నీళ్లొచ్చేది వానలు విరగబడ్డ ఏడాదే. మిగతా కాలమంతా నది ఇసుకే. ఆషాఢం గాలికి ఆ ఇసుక లేచి చేలమీద మేటలు వేస్తోంది. అప్పుచేసి ట్రాక్టరు పెట్టి తోలిస్తే మరుసటి ఏడు మళ్లీ అదే. నదిదే తప్పనలేం. జొన్న, కొర్ర, సజ్జ పోయి వేరుశనగ ఒక్కటే మిగిలింది. ఆ పంటను వేళ్లతో సహా పీకుతాం. బోడి అయిన నేల గాలికి లేవక ఏమవుతుంది?

జిల్లా సగటు వర్షపాతం 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూ. వాతావరణం మారిందన్న మాట చర్చల్లో ఇప్పుడు వింటున్నారు గానీ, సీమ రైతుకు అది అదను తప్పిన వానగా ఎప్పుడో తెలిసింది. నెలరోజుల వాన రెండురోజుల్లో కురిసి, కాయ ఊరే వేళకు మొండికేస్తే సగటు ఎవరికి కావాలి?

ఇక కణేకల్ చెరువుకు ఆధారం హెచ్చెల్సీ. మనకు కేటాయింపు 32.5 టీఎంసీలు. తుంగభద్ర జలాశయమే పూడికతో 133 నుంచి దాదాపు 105 టీఎంసీలకు కుంచించుకుపోయింది. 2024 ఆగస్టులో గేటు కొట్టుకుపోతే గానీ పాలకులకు ఆ డ్యాం గుర్తుకు రాలేదు. 1937 శ్రీబాగ్ ఒడంబడికలో నీళ్లలో మొదటి వాటా సీమదన్నారు. ఆ కాగితం ఇంకా కాగితమే.

చేయదగ్గ పని లేక కాదు. తొలకరికి ముందే నవధాన్యాలు చల్లి నేలను పచ్చగా ఉంచే పద్ధతిని ఈ రాష్ట్రంలో ప్రకృతి సేద్యం కింద చేస్తున్నారు. 2024లో దానికి గుల్బెంకియన్ బహుమతి కూడా వచ్చింది. మొదటి రెండు మూడేళ్లు దిగుబడి తగ్గితే కౌలురైతు ఏం తినాలన్నదే మా ప్రశ్న. ఉపాధి హామీ 2006 ఫిబ్రవరి 2న మొదలైంది మన బండ్లపల్లిలోనే. 2025లో దాని స్థానంలో మరో చట్టం తెచ్చారు. చట్టం ఏదైనా సరే, ఆ కూలి డబ్బు హగరి గట్టున కానుగ, వేప, తాటి వరుసలు పెంచేందుకు, పెరిగేదాకా కాపలా కాసేందుకు పోవాలి. నాటి ఫొటో దిగి వెళ్లిపోవడం చాలా చూశాం.

సెలవులకు ఊరొచ్చే విద్యార్థులు, ఉద్యోగులు గ్రామసభలో ఈ రెండే అడగండి: చెరువుకు ఈ ఏడు ఎన్ని నీళ్లు వదిలారు, ఇసుక మేటలు వేసిన సర్వే నంబర్లు ఎన్ని?