‘తగినంత’ అంటే ఎంత?

పోయిన నెల ఆరో తరగతికి ‘హౌ టు మేక్’ పాఠం చెప్పాను. ఒక పని ఎలా చేయాలో వరుసగా రాయడం. ఫస్ట్, నెక్స్ట్, దెన్, ఫైనల్లీ. పరీక్షలో తప్పకుండా వస్తుందని చెప్పాను కాబట్టి పిల్లలు శ్రద్ధగానే విన్నారు. “మీకు బాగా ఇష్టమైన వంట ఎలా చేస్తారో రాయండి” అన్నాను. 38 మందీ రాశారు. పిజ్జా, శాండ్‌విచ్, నూడుల్స్, చాక్లెట్ కేక్. గ్రామర్ తప్పులు పెద్దగా లేవు. కానీ అందులో సగం వంటలు ఆ క్లాసులో ఏ లంచ్ బాక్సులోనూ నేను చూసినవి కావు.

పిజ్జా గురించి చక్కగా రాసిన అమ్మాయిని పిలిచి అడిగాను.

“మీ ఇంట్లో ఓవెన్ ఉందా?”

“లేదు మిస్. యూట్యూబ్‌లో చూశాను.”

“ఇవాళ బాక్సులో ఏం తెచ్చావు?”

“టమాటా పప్పు మిస్.”

“మరి అది అమ్మ ఎలా చేస్తుంది?”

కాసేపు ఆలోచించింది. “కుక్కర్‌లో పెడుతుంది మిస్. మూడు విజిల్స్.”

“తర్వాత?”

“అంతే మిస్.”

తాలింపు ఎటు పోయిందో తెలియదు. ఆ అమ్మాయిని తప్పు పట్టడం లేదు. ఉదయం 7 గంటలకల్లా బస్సు ఎక్కాలి. ఆ హడావిడిలో వంటింటి వైపు చూసే తీరిక ఏ పిల్లలకు ఉంటుంది? అయినా రోజూ తినేది ఎలా తయారవుతుందో తెలియకుండానే, ఎప్పుడూ చేయనిది ఎలా చేయాలో తప్పుల్లేకుండా రాసేశారు. దానికి నేను మార్కులు కూడా వేశాను.

అందుకే మళ్లీ రాయించాను. ఈసారి షరతు ఒక్కటే. ఆదివారం వంటింట్లో నిలబడి చూసింది మాత్రమే రాయాలి. ‘తగినంత’, ‘కొంచెం’ అన్న మాటలు వాడకూడదు. చెంచాతోనో, గ్లాసుతోనో, గుప్పిటతోనో, దేనితో కొలిస్తే దాని లెక్క రాయాలి. పొయ్యి దగ్గర పని పెద్దవాళ్లదే, పిల్లలది చూసి రాసే పని.

సోమవారం పీరియడ్ మొత్తం గొడవతోనే గడిచింది, చాలా మంచి గొడవ. “మగ్గించడం అంటే ఇంగ్లిష్‌లో ఏంటి మిస్?” అని ఒకడు. ఫ్రై అన్నారు, బాయిల్ అన్నారు. బెండకాయలు మగ్గడం ఫ్రై కాదు, వంకాయలు మగ్గడం బాయిల్ కాదు. చివరికి ‘మూత పెట్టి, సన్నటి సెగ మీద, దాని ఆవిరిలోనే మెత్తబడేదాకా ఉంచడం’ అని పొడుగాటి వాక్యం తయారు చేశారు. ‘ఎసరు’ దగ్గర నేనే ఆగిపోయాను. ‘దోరగా’ అన్న మాటకు గోల్డెన్ బ్రౌన్ అని రాసుకొచ్చిన పిల్లను పక్క పిల్ల నిలదీసింది: “నువ్వులు బ్రౌన్ అయ్యాయంటే మాడినట్టే.” తాలింపు, పోపు, తిరగమోత ఒకటేనా వేరువేరా అని మూడు బెంచీల మధ్య వాదన. మూడూ ఒకటేనని, ఎవరి ఊరి మాట వాళ్లదని తేలాక అందరికీ నవ్వొచ్చింది. ఇంగ్లిష్ టీచర్‌గా చెబుతున్నాను, ఆ ఒక్క పీరియడ్‌లో వాళ్లు వెతుక్కున్నన్ని క్రియాపదాలు నా వర్క్‌షీట్ల కట్ట మొత్తంలో లేవు.

ఆ సాయంత్రమే ఒక నాన్నగారు ఫోన్ చేశారు. మర్యాదగానే మాట్లాడారు. “మేడమ్, వంట నేర్పించడానికా మేం ఇంత ఫీజు కడుతున్నది?” అన్నారు. వాళ్లది అబ్బాయి అని కూడా గుర్తు చేశారు. అప్పుడు నాకు సరైన జవాబు తట్టలేదు, సిలబస్‌లో ఉందండీ అని తప్పించుకున్నాను. ఇప్పుడైనా చెప్పాలి. సర్, మీ అబ్బాయి హాస్టల్‌కి వెళ్లే రోజు ఎంతో దూరంలో లేదు. ఆ తర్వాత ఉద్యోగం, బహుశా వేరే దేశం. అక్కడ రాత్రి 10 గంటలకు ఆకలేస్తే చారు పెట్టుకోవడం తెలిసి ఉండటం అమ్మాయిలకే పరిమితమైన అవసరం కాదు. అదీగాక రెండు కప్పుల పిండికి కప్పు నీళ్లయితే మూడు కప్పులకు ఎన్ని అన్నది కూడా లెక్కే కదా. అయితే నేను ఆ హోంవర్క్ ఇచ్చింది ఈ లాభాలు చూసి కాదు, నా సొంత కారణం ఒకటి ఉంది.

మాది వరంగల్ దగ్గర పల్లెటూరు. మా బాపమ్మ చేసే సర్వపిండి తింటూ పెరిగాను. నేను బీఈడీ చదువుతుండగా ఆమె పోయింది. ఆ తర్వాత ఒకసారి చేద్దామని కూర్చుంటే అర్థమైంది, నాకు తినడం తప్ప ఏమీ తెలియదని. అమ్మను అడిగాను. “పిండి తీసుకో, తగినంత ఉప్పూ కారం వెయ్యి, చేతికే తెలుస్తది” అంది. మా మేనత్తను అడిగితే శనగపప్పు నానబెట్టేవారంది. అమ్మేమో పల్లీలు నానబెట్టేవారంది. ఇద్దరూ పక్కనే ఉండి చూసినవాళ్లే. ఇప్పటికి ఎన్నిసార్లు చేశానో లెక్క లేదు. బాగానే వస్తోంది. కానీ అది బాపమ్మ చేసినట్టు మాత్రం ఉండదు.

నాకు కుదిరిన కొలత ఇది. బియ్యప్పిండి రెండు కప్పులు. గంట నానిన శనగపప్పు రెండు టేబుల్ స్పూన్లు, కచ్చాపచ్చాగా దంచిన పల్లీలు మూడు, నువ్వులు రెండు. సన్నగా తరిగిన ఉల్లిగడ్డ ఒకటి, రెండు రెబ్బల కరివేపాకు. కారం టీ స్పూన్‌తో ఒకటిన్నర, ఉప్పు ఒకటింపావు. నీళ్లు ఒక్కసారిగా పోయొద్దు, ముప్పావు కప్పు నుంచి కప్పు లోపు పడతాయి. అడుగు మందంగా ఉన్న గిన్నెలో రెండు చెంచాల నూనె రాసి, ముద్దను అడుగునా అంచులకూ పల్చగా ఒత్తాలి. వేలితో ఐదారు చిల్లులు పెట్టి ఒక్కోదానిలో నాలుగు చుక్కల నూనె వేయాలి. మూత పెట్టి సన్నటి సెగ మీద పది పన్నెండు నిమిషాలు. తిరగేయక్కర్లేదు. అసలు చిక్కు రెండో దాంతో వస్తుంది. కాలిన గిన్నెలో ముద్ద ఒత్తితే చేతులు కాలతాయి. రెండు గిన్నెలు పెట్టుకోండి, లేదంటే గిన్నె బోర్లించి అడుగు మీద నీళ్లు పోసి, చల్లారాక తుడిచి మళ్లీ మొదలుపెట్టండి. ఈ చిట్కా ఎవరూ చెప్పలేదు, రెండు వేళ్లు కాలాక తెలిసింది. కరీంనగర్ వైపు వాళ్లు దీన్నే గిన్నప్ప అంటారు. ఆంధ్రా నుంచి వచ్చిన మా కొలీగ్ తపాలచెక్క అంటుంది.

మన పత్రికలోని వంటల పేజీ గురించి నా అభిప్రాయం కూడా ఇక్కడే చెబుతాను. అందులో వస్తున్నవి చాలావరకు ఓట్స్ కట్‌లెట్, క్వినోవా సలాడ్ లాంటివే. అవి మంచివే, కానీ వాటి కోసం నెట్‌లో వెతికితే వంద దొరుకుతాయి. మీ ఇంట్లో మంగళవారం రాత్రి చేసుకునే పచ్చిపులుసు ఎక్కడ దొరుకుతుంది? అది ఇందులోకి ఎందుకు రావడం లేదు? మామూలు తిండే కదా, పత్రికలో ఏం వేస్తారులే అనుకుంటున్నారేమో. లేదంటే మేమే అలా అనిపించేలా చేశామా?

ఈ రెండో అనుమానానికి నా దగ్గర ఆధారం ఉంది, అది నాకు సిగ్గుచేటుగానే ఉంది. జూలైలో ఒక అబ్బాయి జొన్నరొట్టె, ఎల్లిపాయ కారం తెచ్చాడు. మూత తీయగానే వెల్లుల్లి ఘాటు గదంతా వ్యాపించింది. ఇద్దరు పిల్లలు ముక్కు మూసుకున్నారు. వాళ్లను మందలించాల్సింది. ఆ పని చేయకుండా నేను “నువ్వు కిటికీ పక్కన కూర్చో నాన్నా” అన్నాను, అదేదో సాయం చేసినట్టు. మర్నాడు వాడి బాక్సులో బ్రెడ్డూ జామూ. తర్వాతి రోజూ అదే. నేను చిన్నప్పుడు తిన్న తిండినే, తెలియకుండా నా క్లాసులోంచి బయటికి పంపేశాను.

సోమవారం తెచ్చిన పేపర్లలో వాడిదీ ఉంది. ఎల్లిపాయ కారం గురించే రాశాడు. వెల్లుల్లి రెబ్బలు 15, కారం మూడు చెంచాలు, ఉప్పు ఒకటి, జీలకర్ర అర. రోట్లో దంచాలి, మిక్సీ అయితే ఆపి ఆపి తిప్పాలి, లేకపోతే ముద్దయిపోతుంది. తడి చెంచా పెట్టకూడదు. జొన్నపిండిని మరిగిన నీళ్లతో కలిపితేనే రొట్టె విరగదు, బాక్సులో గట్టిపడదు. అన్నీ కొలతలతో సహా రాశాడు. ఆఖరి వాక్యం ఇంగ్లిష్‌లో ఇలా ఉంది: ‘ఫైనల్లీ, సిట్ నియర్ ద విండో.’

వాడు వెటకారానికి రాయలేదు. నిజంగానే అది కూడా వంటలో ఒక మెట్టు అనుకున్నాడు. వాడిని పిలిచి ఆ వాక్యం కొట్టేశాను, సారీ చెప్పాను. వాళ్లమ్మగారికి డైరీలో రాశాను. గురువారం మళ్లీ జొన్నరొట్టె వచ్చింది. నేను వాడి బెంచీలోనే కూర్చుని ఒక ముక్క అడిగి తిన్నాను. ముక్కు మూసుకున్న ఇద్దరిలో ఒకడు తనకూ కావాలన్నాడు.

పిల్లల పేపర్లలో దొరికిన చిట్కా ఇంకొకటి చెప్పాలి, ఎందుకంటే మధ్యాహ్నం పుల్లటి పెరుగన్నం వదిలేసే పిల్లలు ప్రతి సెక్షన్‌లోనూ ఉన్నారు. ఉదయం ఆరున్నరకు కట్టే బాక్సు పన్నెండున్నరకు తెరుస్తారు కదా. అందుకని వేడన్నం మెత్తగా మెదిపి, కాచి చల్లార్చిన పాలు ధారాళంగా పోసి, గోరువెచ్చగా అయ్యాక ఒక్క చెంచా పెరుగు కలపాలట. ఎండాకాలం అయితే అర చెంచా చాలు. లంచ్ బెల్ వేళకు బాక్సులోనే కమ్మగా తోడుకుంటుంది. ఇది రాసిన పాప, వాళ్ల తాతయ్య చేస్తారని రాసింది.

వచ్చే నెల వంటల పేజీకి ఆరో తరగతి నుంచి మేమే పంపుతున్నాం. మిగతా తరగతుల వారూ పంపండి. అమ్మ చేసినా, నాన్న చేసినా, అమ్మమ్మ చేసినా సరే, చేసేవారి పక్కన నిలబడి పిల్లలే రాయాలి. ఫొటో బాగా రాలేదని ఆగకండి. తెలుగులో రాస్తే ఇంగ్లిష్‌లోకి మా పిల్లలు మారుస్తారు, వాళ్లకు అది ప్రాక్టీస్. ప్రతి నెల 20వ తేదీ లోపు క్లాస్ టీచర్‌కి ఇస్తే చాలు. ‘తగినంత ఉప్పు’ అని రాసిన కాగితాలు మాత్రం చెంచా లెక్క కోసం మళ్లీ మీ ఇంటికే వస్తాయి.